ఎంకన్న ఎంచిన రూటర్లు

ఇత్వారా పేటలో ఎవరింట్లో ఏ వస్తువు కొనాలన్నా ముందు ఎంకన్నకు కబురు వెళ్లేది. కుక్కరైనా, సైకిలైనా, పాడి బర్రైనా సరే, ఎంకన్న చెయ్యి పడనిదే జేబులోంచి పైసా బయటికి వచ్చేది కాదు. చెయ్యి పడటమంటే నిజంగానే పడటం. కుక్కర్‌ను చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి చూసేవాడు. సైకిల్‌ను తలకిందులు చేసి చక్రం తిప్పి, అది ఆగేదాకా కళ్లు మూసుకుని నిలబడేవాడు. పక్క గల్లీ మారోతి పెళ్లిచూపులకు కూడా ఆయన్ను తోడు తీసుకుపోయాడని, ఎంకన్న తల ఊపాకే చాయ్ తాగాడని చెప్పుకుంటారు. ఆ సంసారం ఇప్పటికీ బాగానే ఉంది కాబట్టి ఎంకన్న ఆ మాట కాదనడు.

ఆ చేతికి ఆ పేరు ఊరికే రాలేదు. నవా మోంఢా పత్తి మార్కెట్టు వైపు ఒక జిన్నింగు ఫ్యాక్టరీలో ముప్పై ఎనిమిదేళ్లు పత్తి ఎంచాడు. బండి గేటులోకి వచ్చాక పైన కనిపించే పత్తిని ముట్టేవాడే కాదు. పైన మల్లెపూలు పరిచినట్టు పరిచి అడుగున తడి పత్తి కూరేవాళ్లను ఎంతమందిని చూడలేదు? భుజం దాకా చెయ్యి దూర్చి, అట్టడుగు నుంచి గుప్పెడు తీసి, రెండు చేతుల వేళ్ల మధ్య పట్టి లాగి, పోగు పొడవు ఎంతో నోటితోనే చెప్పేవాడు. పోగు తెగే చప్పుడు చెవికి దగ్గరగా పెట్టుకుని వినేవాడు. తేమ ఎంతుందో చెంపకు ఆనించి చెప్పేవాడు. భోకర్ నుంచి, దెగ్లూర్ నుంచి వచ్చిన రైతులు ఆయన మొహం చూసే ఆ ఏడు పెళ్లి పెట్టుకోవాలో వాయిదా వేయాలో తేల్చుకునేవారు. ఎంకన్న ఊఁ అంటే ఊఁ, ఉహూఁ అంటే ఉహూఁ. మారు మాట లేదు.

తర్వాత ఫ్యాక్టరీకి ఒక మెషిన్ వచ్చింది. గుప్పెడు పత్తి పెడితే అంకెలన్నీ చీటీ మీద అచ్చేసి ఇస్తుంది. యజమాని ఎంకన్నకు శాలువా కప్పి, కొబ్బరికాయ చేతిలో పెట్టి, గేటు దాకా వచ్చి సాగనంపాడు. ఆనాటి నుంచి ఆయన కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. పొద్దున కూరగాయలు తెచ్చి, వంకాయ బాగా లేదని తనే మళ్లీ వాపసు ఇచ్చి వచ్చేవాడు. భార్య జనాబాయి బియ్యం ఏరుతుంటే పక్కన చేరి, ఆమె ఏరిన బియ్యం మళ్లీ ఏరేవాడు. "నీ పీకులాట పాడుగాను, ఏడికన్న పోరాదు!" అని ఆమె చేట విసిరికొట్టిన రోజులూ ఉన్నాయి. ఎక్కడికి పోతాడు? ఊళ్లోనూ అందరూ పిలవడం మానేశారు. ఇప్పుడు వస్తువులన్నీ అట్టపెట్టెల్లో సీలు వేసి వస్తున్నాయి. గోటితో కొట్టడానికి ఏముంది?

అలాంటి మనిషికి 2008 వానకాలంలో పని దొరికింది.

కోడలు భాగ్యవతికి ఉద్యోగం వచ్చింది. హైదరాబాదులో ఒక విత్తనాల కంపెనీ. రైతులు ఫోన్ చేసి ఆకు ముడుచుకుందనో, పురుగు పట్టిందనో చెబితే జవాబు చెప్పాలి. తెలుగు, మరాఠీ రెండూ తడుముకోకుండా మాట్లాడేవాళ్లు కావాలన్నారు. అటు ఆదిలాబాద్ రైతుకూ ఇటు కిన్వట్ రైతుకూ ఒకే మనిషి చెప్పగలగాలి. ఇల్లు కదలక్కర్లేదు. కంపెనీయే ఒక ల్యాప్‌టాప్, చెవులకు తగిలించుకునే ఫోను పంపింది. రైతుల ఫోన్లన్నీ ఇంటర్నెట్ మీదనే వస్తాయి. మూడు వారాలు పని నేర్పుతారు. ఆ తర్వాత ఒక సోమవారం పది నుంచి ఒంటిగంట దాకా పరీక్ష. నిజమైన రైతులు మాట్లాడతారు, అవతల కంపెనీ మేడం వింటూ ఉంటుంది. మాట మధ్యలో లైను తెగుతూ ఉంటే ఉద్యోగం లేదు. ఆ సంగతి కాగితం మీద రాసి మరీ పంపారు.

ఈ విషయంలో ఎంకన్న గుండెలో ఒక ముల్లుంది. ఐదేళ్ల కింద భాగ్యవతికి కుండల్‌వాడి బడిలో టీచరు నౌకరీ వచ్చింది. రోజూ బస్సులో, జీపులో రెండు గంటలు పోవాలి, రెండు గంటలు రావాలి. ఎంకన్న ఉహూఁ అన్నాడు. ఆమె వంటింటి గడప దగ్గర నిలబడి ఒకే ఒక్కసారి, "మామా, నేను పోత. చేసుకుంట" అంది. ఆయన తల కూడా తిప్పలేదు. కొడుకు విలాస్ ఎస్టీ సర్కారు బస్సు కండక్టరు. బస్సులో నలభై మందిని గదమాయించే నోరు తండ్రి ముందు పెగలదు. ఆ నౌకరీ వేరే ఎవరికో పోయింది. అప్పటి నుంచి భాగ్యవతి మామతో నేరుగా మాట్లాడటం మానేసింది. కోపంగా కాదు, మర్యాదగానే మానేసింది. చెప్పాల్సింది అత్తకు చెప్పేది, అత్త ఆయనకు చెప్పేది.

తప్పు చేశానని ఎంకన్నకు ఆ ఏడాదే తెలిసింది. లోపల చెయ్యి పెట్టి చూడకుండా బండి వాపసు పంపేశానని ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్క లేదు. కానీ ఆ మాట నోట రాలేదు. ముప్పై ఎనిమిదేళ్లు అన్న మాట వెనక్కి తీసుకోకుండా బతికిన నోరది, దానికి అలవాటు లేదు. ఈసారి మాత్రం కోడలి ఉద్యోగం పోకూడదు. పోయినా తన వల్ల పోకూడదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఫోన్ తీగ వచ్చేది ముందుగదిలోకి. ముందుగది ఎంకన్నది. మోంఢా మనుషులు వస్తూ పోతూ ఉంటారు. మామ ఎదుట కోడలు కూర్చుని గొంతెత్తి మాట్లాడటం ఆ ఇంట్లో లేని పద్ధతి. భాగ్యవతి గది మేడ మీద, వెనకవైపు. అక్కడికి విలాస్ తీగ లాగాడు. కింద వెనకగది పత్తి చెక్క వ్యాపారికి గోదాముగా అద్దెకిచ్చారు. అందులో మేసి బలిసిన ఎలుకలు మూడు రోజుల్లో తీగను తునకలు చేశాయి. గొట్టంలో వేసి లాగితే గొట్టాన్నీ కొరికాయి.

"నాయినా, తీగ లేకుంట గాలిల పోయేది ఉన్నదట. రూటర్ అంటరు," అన్నాడు విలాస్ డ్యూటీ సంచి భుజానికి తగిలించుకుంటూ. "తక్కువ ధరది, గట్టిది ఒకటి చూసి తేరాదు."

చూసి తే అన్న మాట విని నాలుగేళ్లయింది. ఎంకన్న ఆ పూట జొన్నరొట్టె ఒకటి ఎక్కువ తిన్నాడు.

మర్నాడు స్నానం చేసి, ఇస్త్రీ అంగీ వేసుకుని, భుజాన తువ్వాలతో సైకిలెక్కి వజీరాబాద్ బయల్దేరాడు. అక్టోబరులో సిక్కుల గురుతా గద్దీ ఉత్సవాలని ఊరంతా తవ్వి పోశారు. ఎక్కడ చూసినా బురద, కంకర, రోలర్ల మోత. గౌరవ్ కంప్యూటర్ దుకాణం ముందు కూడా ఒక పెద్ద గొయ్యి, దాని మీద ఒక పలక. గౌరవ్ తాత ఒకప్పుడు మోంఢాలో దలాలు కాబట్టి ఎంకన్నకు కుర్రవాడు తెలిసినవాడే. గౌరవ్ మూడు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. ఒకే కొమ్ముది, అంటే ఒకే యాంటెన్నా ఉన్నది, పదమూడు వందల యాభై. రెండు కొమ్ములది పందొమ్మిది వందలు. మూడు కొమ్ములది కొత్తగా వచ్చింది, రెండు వేల ఎనిమిది వందలు.

"ఇంటికైతే మొదటిదే చాలు కాకా," అన్నాడు గౌరవ్.

"చాలునా చాలదా నేను చెప్త. ముందుగాల డబ్బా ఇప్పు."

"సీల్ తీస్తే ఇంకెవలు కొనరు కాకా."

"లోపట చెయ్యి పెట్టకుంట సరుకెట్ల తీసుకుంటర్రా? మీ తాత ఉంటే గీ మాట అంటుండెనా?"

తాత పేరు తెచ్చేసరికి గౌరవ్ సీలు తీశాడు. ఎంకన్న రూటర్‌ను అరచేతిలో తూచాడు. గోటితో కొట్టాడు. చెంపకు ఆనించాడు. కొమ్మును బొటనవేలితో వంచి వదిలి, అది తిరిగి నిలబడేదాకా చూశాడు. ఏమీ తెలియలేదు. పత్తికి పోగుంది, పాలకు వెన్న ఉంది, దీనికి ఏముంది? "గింత పల్చగున్నది, గాలికి ఎగిరిపోయేటట్టున్నది," అన్నాడు చివరికి, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"గాలిలనే గద కాకా దాని పని," అన్నాడు గౌరవ్.

ధర దగ్గర ఎంకన్న తువ్వాల తీసి గౌరవ్ చేతి మీద కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని నొక్కాడు. మోంఢాలో బేరం అట్లాగే అవుతుంది. పక్కవాడికి ధర వినపడకూడదు, వేళ్లే మాట్లాడాలి. దుకాణంలో ఉన్న ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గౌరవ్ ఎర్రబడి చెయ్యి లాక్కున్నాడు. "కాకా, ధర చీటీ మీద అచ్చేసి ఉన్నది!"

మళ్లీ చీటీయే. ఎంకన్నకు ఒళ్లు మండింది. కానీ కోడలి పని గుర్తొచ్చి తమాయించుకున్నాడు. మొదటిదే తీసుకుని, "ఇంటికి పోయినంక లోపలి సరుకు బాగ లేకుంటే మోంఢా రివాజు. వాపస్ తీసుకోవాలె," అన్నాడు. గౌరవ్ నూటయాభై తగ్గించి తీసుకుంటానని ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రం విలాస్ రూటర్‌ను ముందుగది బల్ల మీద పెట్టి, తీగలు కలిపి, మేడ మీద ఒకసారి చూసుకుని, రాత్రి బస్సుకు దెగ్లూర్ పోయాడు. అతను పోయాక ఎంకన్న గదిని ఓసారి పరికించి చూశాడు. కింద ఎలుకలు, పైన దుమ్ము, కిటికీలోంచి జల్లు. అంత ధర పోసి కొన్న వస్తువు, కోడలి ఉద్యోగం మొత్తం దాని మీద ఉంది, దాన్ని దిక్కులేని దానిలా బల్ల మీద వదిలేస్తారా? ఆయన దగ్గర ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న నమూనా డబ్బా ఉంది. ఎంచిన పత్తి గుప్పిళ్లకు తేమ, దుమ్ము, ఎలుక ఏవీ తగలకుండా మందపాటి రేకుతో చేసింది. వెనక తీగలకు ఒక రంధ్రం, గాలికి నాలుగు రంధ్రాలు పొడిచి, ఫోన్ తీగ కలిసే మోడెమ్‌నూ రూటర్‌నూ లోపల పడుకోబెట్టి, మూత వేసి, మూత మీద మడత పెట్టిన తువ్వాల కప్పాడు. అప్పుడు మనసు కుదుటపడింది.

తర్వాత మెట్ల కింద నిలబడి పైకి చూశాడు. కోడలి గదిలోకి మామ పోడు. ల్యాప్‌టాప్ తెర మీద గీతలు లేస్తాయని, ఐదు గీతలుంటే పూర్తి బలమని విలాస్ చెప్పి ఉన్నాడు. "గీతలెన్ని?" అని కేకేశాడు. మెట్ల మధ్యలో నిలబడ్డ జనాబాయి పైకి తిరిగి, "గీతలెన్నంట?" అంది. పైనుంచి సన్నగా, "ఒకటి అత్తా," అని వినపడింది. జనాబాయి కిందికి తిరిగి, "ఒకటంట," అంది. ఒకటి. కాసేపటికి అదీ పోయింది. ఎంకన్నకు ఆ రాత్రి నిద్ర లేదు.

పొద్దున్నే వజీరాబాద్. మధ్యాహ్నం దాకా గౌరవ్ దుకాణంలో నిలబడ్డాడు. రెండు కొమ్ములది తెచ్చాడు. డబ్బాలో పెట్టాడు, మూత వేశాడు. ఒక గీత, అప్పుడప్పుడు రెండు. ఇరవై రోజుల్లో మూడు రూటర్లు మార్చాడు. ఊళ్లో ఎక్కడ రూటర్ ఉందని తెలిసినా పోయి చూసి వచ్చాడు. ఒక సైబర్ కేఫ్‌లో గోడ మేకుకు ఊరికే వేలాడదీసి ఉంది, దాని మీద దుమ్ము అంగుళం మందం. ఎంకన్న ఆగలేక, "వస్తువును గిట్లనా ఉంచుకునేది? కొన్నప్పుడు పైసలు పెట్టలేదా?" అని దాని యజమానిని చెడామడా తిట్టి వచ్చాడు. గౌరవ్ ఒకసారి అడిగాడు కూడా. "ఇంట్ల ఏడ పెట్టిన్రు కాకా?" అన్నాడు. "నీ దుకాణం కన్న మంచి జాగల పెట్టిన, నువ్వు దాని ఫికర్ చెయ్యకు," అన్నాడు ఎంకన్న. గౌరవ్‌కు ఉత్సవాల ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టే పని నెత్తి మీద ఉంది, ఇంటికి వచ్చి చూసే తీరిక లేదు. ఆ మాటతో ఊరుకున్నాడు.

సాయంత్రం ఇంటికి రాగానే ఆయన అడిగేది ఒక్కటే. "పొద్దుగాల కోడలి పని ఎట్లయింది?"

"అయిందిలే," అనేది జనాబాయి.

"అయిందిలే అంటే?"

"అయిందంటే అయింది. కాళ్లు కడుక్కొని రా."

ఒక్క గీతతో ఎట్లా అవుతుంది? ఆ పిల్ల పళ్లబిగువున నెట్టుకొస్తోంది, నోరు తెరిచి చెప్పడం లేదు, ఐదేళ్ల కింద కూడా ఇట్లాగే నోరు మూసుకుంది అనుకుని ఎంకన్న లోలోపల కుమిలిపోయాడు. మూడో రూటర్ మూడు కొమ్ములది. దాని కోసం తన చేతి గడియారం అమ్ముకున్నాడని జనాబాయికి కూడా చెప్పలేదు. అది కూడా డబ్బాలో పెట్టాక రెండు గీతలే చూపించింది.

సోమవారం వచ్చింది. ఆ రోజు బయటికి పోకూడదని ఎంకన్న నిశ్చయించుకున్నాడు. ఇరవై రోజుల్లో ఒక్క పొద్దున కూడా తను ఇంట్లో లేడు, అందుకే ఏం జరుగుతోందో తెలియడం లేదు. ఈ పూట కాపలా ఉండాలి. ఎలుక రాకూడదు, తీగ కదలకూడదు. తొమ్మిదింటికే డబ్బా పక్కన కుర్చీ వేసుకుని, మూత మీద ఒక చెయ్యి ఆనించి కూర్చున్నాడు.

జనాబాయి వచ్చి చూసింది. లోపలికి పోయి మళ్లీ వచ్చింది.

"ఇయ్యాల పోతలేవా?"

"పోను."

"కొత్తిమీర లేదు."

"రేపు తెస్త."

"మారోతి రమ్మన్నడు నిన్న."

"రమ్మను, ఈడికే అస్తడు."

"నువ్వు గింతసేపు ఒక్క జాగల కూసుంటే నాకే ఎట్లనో అయితున్నది," అంది ఆమె చివరికి. మేడ మెట్ల వైపు ఒకసారి, డబ్బా వైపు ఒకసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పోయింది. పరీక్ష రోజున ఈమెకు కొత్తిమీర పిచ్చి ఏంటని ఎంకన్న విసుక్కున్నాడు.

పది గంటలు కొట్టింది. మేడ మీద నుంచి సన్నగా మాట వినపడింది, ఆగింది. మళ్లీ వినపడింది, "హలో, హలో" అంటూ రెండు మూడు సార్లు వినపడి ఆగిపోయింది. ఎంకన్న మూత మీద చెయ్యి ఇంకా గట్టిగా నొక్కాడు. ఇంకో పది నిమిషాలకు మళ్లీ అదే జరిగింది. అంతలో పక్కనున్న ఫోను గణగణ మోగింది.

"భాగ్యవతి గారి ఇల్లేనా అండి?" అవతల ఆడగొంతు. "హైదరాబాద్ నుంచి. ఇప్పటికి రెండు కాల్స్ మధ్యలో తెగిపోయాయి. ఇన్ని రోజులు చక్కగా నడిచింది, ఇవాళేమైందో అర్థం కావట్లేదు. ఇంకొకటి తెగితే మేం ఇంక ఆపేస్తామని ఆమెకు చెప్పండి."

ఇన్ని రోజులు చక్కగా నడిచింది. ఆ మాట ఎంకన్న చెవిలో పడింది కానీ తలకెక్కలేదు. ఫోను పెట్టేసి లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. "జనా! ఇంకొకటి తెగితే అయిపాయెనంట!" అని అరిచాడు. "నేను గౌరవ్ దగ్గరికి పోతున్న! ఇంక పెద్దది తెస్త!" అంటూ చెప్పులు వెతుక్కుంటూ ఒక చెప్పు జనాబాయిది వేసుకున్నాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. భాగ్యవతి దిగి వచ్చింది. చెవుల ఫోను మెడలో వేలాడుతోంది. తల మీద కొంగు లేదు, జారిపోయిందని ఆమె గమనించినట్టూ లేదు. మామ వైపు చూడలేదు, అత్త వైపు చూడలేదు. నేరుగా డబ్బా దగ్గరికి వచ్చి, తువ్వాల తీసి పక్కన పడేసి, మూత తెరిచి, రూటర్‌ను బయటికి తీసి, మూత వేసి దాని మీద నిలబెట్టింది. కొమ్ములు మూడూ నిటారుగా చేసింది. ఆమె చేతులు ఒక్క క్షణం తడుముకోలేదు. వచ్చిన దారినే మెట్లెక్కి పోయింది.

ఎంకన్న ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి పెళ్లాం చెప్పుతో అక్కడే నిలబడిపోయాడు.

పైనుంచి గొంతు వచ్చింది. "రామ్ రామ్ దాదా, బోలా," అని మరాఠీలో, ఆ తర్వాత ఇంకొకరితో తెలుగులో. "చెప్పన్నా, చేను ఎన్ని దినాలదైంది? ఆకు కింద మలిపి చూసినవా? తెల్లగున్నయా, నల్లగున్నయా?" గట్టిగా, తొణక్కుండా, మధ్యలో చిన్నగా నవ్వుతూ. ఐదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ ఎంకన్న ఆ గొంతు వినలేదు. ఆకు కింద తిప్పి చూడమనడం విని తనకు తెలియకుండానే తలాడించాడు. అరగంట గడిచినా లైను తెగలేదు, ఇంకో గంట గడిచినా తెగలేదు.

"మూత తీస్తే మంచిగ నడుస్తదని దానికెట్ల తెలుసు?" అని నెమ్మదిగా అడిగాడు భార్యను.

జనాబాయి ఇంక దాచి లాభం లేదనుకుంది. గడప మీద కూలబడింది. "మొదటి దినమే తెలుసుకున్నది. నువ్వు అటు గల్లీ మలుగంగనే ఇటు తీసి బైట పెట్టేటిది. నీ సైకిల్ గంట ఇనంగనే నేను మల్ల లోపట పెట్టి మూతేసేదాన్ని."

"మొదటి దినమంటే? ఒక కొమ్ముదా?"

"ఒక కొమ్ముదే. ఐదుకు ఐదు గీతలు. నువ్వు ఎంచింది ఎన్నడు తప్పింది? డబ్బాల పెట్టుడే తప్పింది."

ఎంకన్న కుర్చీలో కూర్చున్నాడు. "మరి నాకెందుకు చెప్పలే?"

"ఎవలు చెప్పాలె? అది చెప్పదు. నేను చెప్తే నువ్వు ఇనవు. ఇంకోటి..." ఆమె కొంగు అంచు వేళ్లకు చుట్టుకుంది. "నాలుగేండ్ల నుంచి ఇంట్ల కాలు కాలిన పిల్లి లెక్క తిరుగుతుంటివి. గిది అచ్చినంక పొద్దుగాల తానం చేసి, మంచి అంగీ తొడుక్కొని పోతివి. ముఖం తేటగైంది. పోనీ, తిరగనీ అనుకున్నం."

"ఇద్దరా?"

"ఇద్దరం."

"నేను లేనప్పుడు ఇంకేం చేస్తరు?"

జనాబాయి అబద్ధం ఆడదామని చూసి, ఆడలేకపోయింది. "నవ్వుకుంటం," అంది.

కోపం రావాల్సిన చోటే. ఎంకన్న దాని కోసం ఎదురుచూశాడు కూడా. రాలేదు. సిగ్గు వచ్చింది, దాని వెనకే ఏడుపు వచ్చింది. నేను ఇంట్లో లేకపోతేనే ఇంట్లో గొంతులు లేస్తున్నాయి, నేను కాపలా కూర్చున్న ఒక్కనాడు లైను తెగింది అనుకున్నాడు. ఆ పిల్ల ఒకసారి నోరు తెరిచి చెబితే తను తల తిప్పి చూడలేదు. మళ్లీ చెప్పమంటే ఎందుకు చెబుతుంది? చెప్పకుండా పని చేసుకోవడం నేర్చుకుంది. ఇవాళ ఆ ఉద్యోగం పోయి ఉంటే అది మేడం తీసేసినట్టు కాదు, తను తీసేసినట్టే. ఆయన మొహం గోడవైపు తిప్పుకుని తువ్వాలతో ముక్కు చీదుకున్నాడు. జనాబాయి చూడనట్టు లేచి పోయింది.

ఒంటిగంటకు మళ్లీ ఫోను మోగింది. మొదటి తేదీ నుంచి పనిలో చేరమన్నారు.

భాగ్యవతి కిందికి వచ్చేసరికి తల మీద కొంగు కప్పుకుని ఉంది. వంటింటి గడప దగ్గర ఆగి, "అత్తా, మామకు చెప్పు..." అని మొదలుపెట్టింది.

"అత్తకు కాదు," అన్నాడు ఎంకన్న. ఆ మాట అనడానికి ఆయనకు చాలా బలం కావాల్సి వచ్చింది. "నాకే చెప్పు బిడ్డా. కుండల్‌వాడి నాడు నువ్వు చెప్తే నేను ఇనలే. అది నా తప్పు. ఇయ్యాల ఇంట. గిది యాడ పెట్టాలె, ఎందుకు పెట్టాలె, చెప్పు."

ఆమె అత్త వైపు చూసింది. జనాబాయి పొయ్యి దగ్గర రొట్టె తిప్పడం మర్చిపోయి నిలబడి ఉంది. భాగ్యవతి నాలుగడుగులు వేసి ముందుగదిలోకి వచ్చింది. మొదట్లో మాట తడబడింది. సిగ్నల్ రేకు దాటి పోదు మామా, ఇటుక దాటుతది, కర్ర దాటుతది, రేకు దాటది అంది. మనిషెత్తున గోడకు మేకు కొట్టి ఉంచాలని, పక్కన నీళ్ల బిందె, అద్దం ఉండొద్దని, కొమ్ముల సంఖ్య కన్నా జాగా ముఖ్యమని చెప్పింది. చెప్పేకొద్దీ గొంతు నిలబడింది. చేతులు కదిలాయి. మేడ మీద నుంచి వినపడిన గొంతే అది. గోడ మీద వేలితో దారి గీసి చూపించింది, ఎలుకలకు అందకుండా తీగకు ఇనుప గొట్టం ఎంత పొడవు కావాలో జానెడు జానెడు కొలిచి చెప్పింది. ఎంకన్న కదలకుండా విన్నాడు.

"అర్థమైందా మామా?" అంది చివరికి.

"కాలే," అన్నాడు ఎంకన్న. "మల్లొక్కసారి చెప్పు."